ఒకటో నంబరు మనిషి

"సంతకం పెట్టు స్తెఫనూ. ఎన్నిసార్లు చెప్పించుకుంటావు?" అన్నాడు వరప్రసాదరావు.

స్తెఫను పెన్ను మూత తీశాడు. ఇరవై రెండేళ్లుగా డ్రాయింగులు గీసిన చెయ్యి అది. ఒక్క గీత కూడా వంకర పోని చెయ్యి. ఇప్పుడు కాగితం మీదికి దిగడం లేదు. ముందున్న కాగితంలో నాలుగే వాక్యాలు. హాపర్ బరువు పెరిగిన సంగతి తనకు తెలుసని, ఆ సంగతి చీటీ రాసి పైకి పంపాల్సిన బాధ్యత తనదని, పంపలేదని, ఇది ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్నానని. చేతిరాత మాత్రం వరప్రసాదరావుది.

మూడు రోజుల కిందట వత్సవాయి రోడ్డులో కొత్తగా కడుతున్న మినీ సిమెంటు ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగింది. సిమెంటు కోసం కాల్చిన క్లింకర్ గడ్డలు నింపే పెద్ద ఇనుప తొట్టిని హాపర్ అంటారు. దాన్ని మొదటిసారి నిండుగా నింపిన గంటకే కింది బీము వంగి, తొట్టి మొత్తం పక్కకి ఒరిగింది. కింద వెల్డింగ్ చేస్తున్న ఏసురత్నం దాని కింద చిక్కుకున్నాడు. విజయవాడ ఆస్పత్రిలో అతని ఎడమకాలు మోకాలి దగ్గర తీసేశారు.

ఆ తొట్టికీ, ఆ బీముకీ డ్రాయింగులిచ్చింది జగ్గయ్యపేటలోని మునేరు డిజైన్స్, ఈ ఆఫీసే. సాయంత్రం నాలుగింటికి ఫ్యాక్టరీల తనిఖీ అధికారి వస్తోంది. ఆవిడ వెనకాలే పోలీసులు వస్తారు. వాళ్లకి ఎవరో ఒకరి పేరు చెప్పాలి.

పెన్ను కాగితాన్ని తాకేలోపు ఒక చెయ్యి వచ్చి కాగితాన్ని లాగేసింది.

"ఇది మీరు రాసింది కాదుగా స్తెఫనుగారూ. మీ సంతకమెందుకు?" అంది కృష్ణప్రియ.

కృష్ణప్రియ ఆ కంపెనీ యజమాని రామకోటేశ్వరరావు కూతురు. నందిగామ దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో ఎం.టెక్ చివరి ఏడాది చదువుతోంది. రామకోటేశ్వరరావు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పన్నెండేళ్ల కిందట గవర్నమెంటు ఉద్యోగం వదిలేసి ఈ ఆఫీసు పెట్టాడు. చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీలో ఏ స్తంభం లేవాలన్నా ఆయన సంతకం ఉండాల్సిందే. మూడు రోజులుగా ఆయన అన్నం సరిగ్గా తినడం లేదు, ఎవరితోనూ సరిగ్గా మాట్లాడడం లేదు.

వరప్రసాదరావు ఆఫీసు మేనేజరు. యంత్రాల డిజైన్ విభాగం కూడా అతనే చూస్తాడు. అతను నవ్వాడు.

"అమ్మాయ్, ఇది కాలేజీ కాదు. చీటీ రాశానంటున్నాడు. రాస్తే ఏది? రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?"

ఆ ఆఫీసులో ఒక పద్ధతుంది. ఎవరికి ఏ అనుమానం వచ్చినా గులాబీరంగు చీటీ మీద రాసి, అవతలి విభాగం ట్రేలో వెయ్యాలి. జవాబు అదే చీటీ మీద తిరిగొస్తుంది. హాపర్ సైజు పెరిగినప్పుడు, పాత బీము సరిపోతుందా అని అడుగుతూ చీటీ వేశానని, జవాబు తిరిగి రాలేదని స్తెఫను మూడు రోజులుగా చెబుతున్నాడు. ఆఫీసంతా వెతికారు. చీటీ దొరకలేదు. చీటీ లేకపోతే స్తెఫను మాట ఎవరూ నమ్మరు. ఇవాళ సంతకం పెడితే పోలీసు కేసు ఉండకుండా చూస్తానని వరప్రసాదరావు మాటిచ్చాడట. కృష్ణప్రియ ఆ కాగితాన్ని నిదానంగా రెండోసారి చదివింది. ఇది చేతికి అందాక ఏ పోలీసైనా ఇంకొకరి కోసం వెతకడని ఆమెకు అర్థమైంది.

"నాలుగింటిదాకా టైముంది. నా ప్రోగ్రాం నడిపి చూస్తా" అంది.

"ఆ వీడియో గేమా? అందులో స్తెఫను కూడా ఉన్నాడా?"

"ఉన్నారంకుల్. నాలుగో నంబరు. మీరు రెండు."

వెనక ఎవరో నవ్వాపుకున్నారు. వరప్రసాదరావు మొహం మారింది. కంప్యూటర్లకి వైరస్ పట్టిందని, ఆ గదికి తాళం వేశానని, ఇవాళ ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదని చెప్పాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు కూడా.

కృష్ణప్రియ తండ్రి వైపు చూసింది. ఆయన కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"వద్దమ్మా" అన్నాడు. మళ్లీ తనే, "సరే. నాలుగుదాకా ఆగుదాం ప్రసాదూ" అన్నాడు.

ఆ రెండు మాటల్లో ఏది అసలు మాటో కృష్ణప్రియకి అప్పుడు తెలియలేదు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. ప్రోగ్రాం ఉన్న రెండు ఫ్లాపీలు ఎప్పుడూ అందులోనే ఉంటాయి. మెట్లు దిగుతుంటే వెనకనుంచి స్తెఫను వచ్చాడు.

"అమ్మాయిగారూ, నాకోసం మీ ఇంట్లో గొడవ పెట్టుకోకండి."

"మీరు చీటీ రాశారా?"

"రాశా."

"చాలు" అంది కృష్ణప్రియ.

*

నందిగామ బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. హైవే మీద సిమెంటు లారీల వెనక బస్సు నత్తలా నడుస్తోంది. టైము పదకొండున్నర.

ఆమె ప్రోగ్రాంలో ఆరుగురు మనుషులున్నారు. మొహాలుండవు, పేర్లుండవు, నంబర్లే. ఒకరు డ్రాయింగ్ గీస్తారు, ఒకరు అనుమానం అడుగుతారు, ఒకరు జవాబు చెబుతారు. ఒక్కొక్కరికి ఒక్కో అలవాటు. ఒకరు జవాబు కోసం రెండు రోజులు ఆగుతారు. ఇంకొకరు పూట కూడా ఆగకుండా సొంతంగా ఊహించేసుకుంటారు. ఈ అలవాట్లన్నిటినీ అంకెలుగా మార్చి కంప్యూటరుకిస్తే, అది ఆ ఆఫీసునే లోపల నడిపి చూపిస్తుంది. ఒక్క డ్రాయింగు పనిని వెయ్యిసార్లు మొదటినుంచి చివరిదాకా నడిపి, ఎన్నిసార్లు తప్పు దొర్లింది, ఆ తప్పు ఎక్కడ ఆగిపోయింది, ఎక్కడ దాటిపోయింది అని చెబుతుంది. ఇంజినీర్లు కలిసి ఎలా పనిచేస్తారన్నది ఆమె ప్రాజెక్టు.

అంకెలు ఊహించి వేసినవి కావు. జనవరి నుంచి మూడు నెలలు ఆఫీసులో స్టూలు వేసుకుని కూర్చుని, ఎవరు ఎవర్ని ఏమడిగారో, ఎంతసేపటికి జవాబొచ్చిందో వాచీ చూసి నోటుబుక్కులో రాసుకుంది. మొదట్లో అందరూ ఆట పట్టించారు. టీ తాగడానికెళ్లినా రాస్తావా అన్నారు. రాసింది కూడా.

కాలేజీలో ఆమె ప్రాజెక్టు గైడు భారతీదేవి. యాభై దాటిన మనిషి. మాట మెత్తగా ఉంటుంది, ప్రశ్న మాత్రం సూటిగా ఉంటుంది. సంగతంతా విని ల్యాబ్ తాళం తనే తీసింది.

"ఒక మాట ముందే చెప్తున్నా. ఇది దొంగని పట్టుకోదు. ఏ అబద్ధం నిలబడదో మాత్రం చెప్తుంది."

"నాకదే కావాలి మేడం."

మొదటి ఫ్లాపీ చదవనని మొరాయించింది. రెండోది తెరుచుకుంది. నాలుగో నంబరు మనిషి చీటీ రాయడం మరిచిపోయాడు అని పెట్టి, వెయ్యిసార్లు నడిపింది. కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంటూ మొత్తుకుంది. జెనరేటరు అందుకునేదాకా ఇద్దరూ స్క్రీను వైపే చూశారు. అంకెలు కదులుతూనే ఉన్నాయి.

వెయ్యిలో ముప్పై ఒకటి. ముప్పై ఒక్కసారి మాత్రమే తప్పు డ్రాయింగు ఆఫీసు దాటింది.

ఎందుకంటే మునేరు డిజైన్స్‌లో శనివారం బల్ల ఉంటుంది. ప్రతి శనివారం మధ్యాహ్నం గాజుబల్ల కింద లైటు వేసి, యంత్రం డ్రాయింగు మీద బీము డ్రాయింగు పరిచి, అందరూ చుట్టూ నిలబడతారు. పై గీత, కింది గీత కలుస్తున్నాయా అని చూస్తారు. బరువెంత అని యజమాని తప్పకుండా అడుగుతాడు. చీటీ మరిచిపోయినా తప్పు అక్కడ బయటపడుతుంది. ఆ ముప్పై ఒకటీ ఒకటో నంబరు మనిషి ఊళ్లో లేని శనివారాలు.

కానీ అసలు డ్రాయింగు మీద ఒకటో నంబరు మనిషి సంతకం ఉంది. అంటే ఆయన ఊళ్లోనే ఉన్నాడు.

"స్తెఫను మరిచిపోయాడన్న కథ నిలబడదు" అంది భారతీదేవి. "తర్వాత?"

రెండో నంబరుని మార్చింది. వరప్రసాదరావు బరువు సంగతి దాచాడనుకుంది. నిజం చెప్పాలంటే బస్సెక్కినప్పట్నుంచీ ఆమె అనుమానం అతని మీదే. తాళంచెవి జేబులో వేసుకున్నవాడు అతనే కదా. వెయ్యిలో యాభై ఎనిమిది. ఇద్దరి తప్పూ కలిపింది. తొంభై నాలుగు. మిగతా ముగ్గుర్నీ ఒక్కొక్కరిగా చెడ్డవాళ్లని చేసి చూసింది. అంకె వంద దాటలేదు. ఎవరు ఏం తప్పు చేసినా ఒకటో నంబరు మనిషి పట్టేసుకుంటున్నాడు.

టైము ఒంటిగంట దాటింది.

భారతీదేవి కళ్లజోడు సరిచేసుకుని స్క్రీను మీదికి వంగింది. ఆరుగురి అలవాట్లూ వరసగా ఉన్న పట్టిక అది. పొరపాటు చేసే అవకాశం, పని వాయిదా వేసే అవకాశం, అందరికీ ఏదో ఒక అంకె ఉంది. మొదటి వరసలో మాత్రం అన్నీ సున్నాలు.

"ఈయనకి అన్నీ సున్నాలేంటమ్మా?"

"మా నాన్న మేడం."

"కొలిచి పెట్టావా, అనుకుని పెట్టావా?"

కృష్ణప్రియ ఆ వరస వైపు చూసింది. మూడు నెలలూ ఆమె అందరి పక్కనా కూర్చుంది. ఒక్క గదిలోకి మాత్రం వెళ్లలేదు. వాచీ పట్టుకుని తండ్రి ఎదురుగా కూర్చోవడమేంటనిపించింది. ఆయన తప్పు చేస్తే ఎన్నిసార్లు చేస్తాడు అన్న ప్రశ్న ఆమె బుర్రలోకే రాలేదు. ఆ గడిలో సున్నా వేసి, కింది వరసకి దిగిపోయింది.

"కొలవలేదు" అంది చివరికి.

"అయితే అందరికీ వేసిందే ఆయనకీ వెయ్యి. ఆయనా మనిషేగా."

కీబోర్డు మీద వేళ్లు కదల్లేదు. ఇన్నాళ్లూ ఆ సున్నాని ఎవరూ అడగలేదు. ఇప్పుడు దాన్ని చెరిపితే మళ్లీ రాయలేనని ఆమెకు తెలుసు. మడతపెట్టిన కాగితం బ్యాగులోంచి సగం బయటికొచ్చి కనిపిస్తోంది. స్తెఫను పెన్ను మూత తీసిన చోట సిరా చుక్క పడింది.

సున్నా చెరిపేసింది.

ఇంకో సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చి నోటుబుక్కు తిరగేసింది. ఫిబ్రవరి రెండో శుక్రవారం. ఆ రోజు ఫ్యాక్టరీ ఓనరు ముహూర్తం పెట్టించుకున్నాడు. ముహూర్తం అంటే ఈ ప్రాంతంలో డ్రాయింగుకి కూడా పూజ జరుగుతుంది. మొదటి ప్రింటుకి నాలుగు మూలలా పసుపు రాసి, బొట్టు పెట్టి, దేవుడి పటం ముందుంచి, అప్పుడు సైటుకి తీసుకెళతారు. శుక్రవారం పొద్దున్నే డ్రాయింగు వెళ్లిపోతే శనివారం బల్ల మీదికి వచ్చేదేముంది? ఆ గురు, శుక్రవారాలు పరీక్షలుండి కృష్ణప్రియ ఆఫీసుకు రాలేదు. నోటుబుక్కులో ఆ పేజీ ఖాళీ.

ముహూర్తం దగ్గరపడితే ఎవరైనా చీటీ చూసి తర్వాత చూద్దాంలే అని, గుర్తుకోసం ప్రింటుకే గుచ్చేస్తారు. మిగతా ఐదుగురి విషయంలో అది కొలిచింది. పదిలో ఆరు చీటీలు అలా పక్కకి పోతాయి. అదే లెక్క ఒకటో నంబరుకి కూడా వేసి, శనివారం బల్ల తీసేసి, ఎంటర్ నొక్కింది.

ఐదువందల ఎనభై ఏడు.

దాని పక్కన ఇంకో గడి ఉంది. చీటీ చివరికి ఎవరి దగ్గర ఆగిపోయిందో చెప్పే గడి. ఆ ఐదువందల ఎనభై ఏడులో ఐదువందల డెబ్భై ఒక్కసారి ఒకే అంకె వచ్చింది. ఒకటి.

ప్రింటరు ఆ కాగితాన్ని కరకరమంటూ బయటికి నెట్టింది. భారతీదేవి దాన్ని చింపి చేతికిస్తూ, ఇది సాక్ష్యం కాదని మళ్లీ గుర్తు చేసింది.

"తెలుసు మేడం. ఎక్కడ వెతకాలో చెప్పింది. ఆఫీసులో అన్ని ట్రేలూ వెతికారు, సైటులో ఉన్న పసుపు ప్రింటు మాత్రం ఎవరూ ముట్టుకుని ఉండరు."

"ఎందుకని?"

"పసుపు పెట్టింది కదండీ" అంది కృష్ణప్రియ. అప్పటికే తలుపు దగ్గరికి వెళ్లిపోయింది.

*

రెండు బస్సులు మారి సైటుకి చేరేసరికి రెండూ యాభై. వంగిపోయిన బీము చుట్టూ తాడు కట్టి, ఎర్రగుడ్డలు వేలాడదీశారు. ఏసురత్నం వెల్డింగ్ హెల్మెట్ ఇంకా అక్కడే బోర్లా పడుంది. ఎవరూ తియ్యలేదు.

సైటు సూపర్‌వైజరు బసవయ్య రేకుల షెడ్డులో ఉన్నాడు. గోడకి వెంకటేశ్వరస్వామి పటం, దాని కింద చట్రానికి బిగించిన డ్రాయింగు ప్రింటు. నాలుగు మూలలా పసుపు ఎండి పొరలు లేచింది. ప్రింటు నీలిగీతలు ఎండకి వెలిసిపోయాయి.

ఆ ప్రింటు కిందికి దించమని కృష్ణప్రియ అడిగింది. బసవయ్య అదిరిపడ్డాడు. దాన్ని ముట్టుకోకూడదని, పని పూర్తయి పొగగొట్టంలో పొగొచ్చేదాకా అలాగే ఉండాలని, మధ్యలో దించితే అశుభమని చెప్పాడు. మార్చిలో ఆఫీసునుంచి ఇంకో ప్రింటు పంపిస్తాం, ఇది వెనక్కివ్వమని ఫోనొచ్చిందట. ఓనరు ఒప్పుకోలేదట. పసుపు పెట్టినదాన్ని తిప్పి పంపుతారా అని కోప్పడ్డాడట. ఆ తర్వాత మళ్లీ ఎవరూ అడగలేదు.

"ఆ ఫోను ఎవరు చేశారు?"

"ఏమో అమ్మా, ఓనరుగారి గదిలో మాట్లాడుకున్నారు. నాకు చెప్పలేదు."

"బసవయ్యగారూ, జరగాల్సిన అశుభం జరిగిపోయిందిగా. ఇంకేం మిగిలింది?"

బసవయ్య బయటికి చూశాడు. చూపు ఆ హెల్మెట్ మీదే ఆగింది. చెప్పులు విప్పి, స్టూలెక్కి, దణ్ణం పెట్టుకుని చట్రం దించాడు. వెనక మేకులు ఒక్కొక్కటే లాగాడు.

ప్రింటు వెనక్కి తిప్పగానే కృష్ణప్రియ దాని మీదికి వంగింది.

కుడి మూల, పసుపు ముద్ద వెనక్కి ఊరిన చోట, గులాబీరంగు కాగితం అతుక్కుపోయి ఉంది. గుండుసూదితో గుచ్చిన చీటీ. గుర్తుండాలని ప్రింటుకే గుచ్చారు. పూజలో తడి పసుపు దాన్ని అట్టలా అంటించేసింది. ఆరు నెలలు దేవుడి పటం కింద గోడకి మొహం తిప్పి దాక్కుంది.

గోటితో మెల్లగా లేపి తీసింది. పైన స్తెఫను గుండ్రటి అక్షరాలు. హాపర్ బరువు అరవై టన్నుల నుంచి తొంభై అయింది, పాత బీము చాలుతుందా, దయచేసి చెప్పగలరు. కింద ఇంకో చేతిరాత, తొందరగా, ఏటవాలుగా. లెక్క తర్వాత చూద్దాం. ముహూర్తానికి ఇదే పంపించండి.

కింద పేరు లేదు. అవసరం కూడా లేదు. ఆ రాత ఎవరిదో కృష్ణప్రియకి తెలుసు. షెడ్డు స్తంభానికి ఆనుకుని, చీటీ పడిపోకుండా రెండు చేతులతో పట్టుకుంది.

బయట మోటారుసైకిల్ ఆగింది. వరప్రసాదరావు. కాలేజీకి ఫోన్ చేశాడట, ఆమె సైటుకి బయల్దేరిందని తెలిసి నేరుగా ఇక్కడికొచ్చాడు. చట్రం చూశాడు, చీటీ చూశాడు. ఏటవాలు అక్షరాల దగ్గర అతని కళ్లు ఆగిపోయాయి. మాట్లాడినప్పుడు గొంతులో పొద్దుటి వెటకారం లేదు.

"నేను ఇదే అనుకున్నా. అనుకోకూడదని కంప్యూటరుకి తాళం వేశా. ఇటివ్వమ్మా. నలభై మంది బతుకుతున్న ఆఫీసు అది."

"అందులో స్తెఫనుగారు లెక్కలోకి రారా అంకుల్?"

"అతనికి నేను చూసుకుంటా. ఇంకోచోట పని ఇప్పిస్తా. నీ ప్రాజెక్టుకి ఆఫీసు లెటరు కావాలి కదా, అది కూడా ఇవాళే ఇస్తా."

"ఏసురత్నానికి కాలు కూడా ఇంకోచోట ఇప్పిస్తారా?"

వరప్రసాదరావు చెయ్యి చాపాడు. అడగడానికో, లాక్కోవడానికో తెలియలేదు. బసవయ్య మెల్లగా ఇద్దరి మధ్యకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో మేకులు లాగిన సుత్తి ఉంది. అతను దాన్ని ఎత్తలేదు. కింద పెట్టలేదు కూడా.

"అమ్మాయిగారూ, జగ్గయ్యపేట బస్సొచ్చే టైమైంది. పదండి, ఎక్కిస్తా" అన్నాడు. చట్రంలోంచి ఊడదీసిన ప్రింటుని చుట్టి చంకలో పెట్టుకుని తనే ముందు నడిచాడు.

*

నాలుగూ పదికి కృష్ణప్రియ ఆఫీసు మెట్లెక్కింది. వరప్రసాదరావు మోటారుసైకిల్ మీద ముందే వచ్చేశాడు. గాజుబల్ల చుట్టూ కుర్చీలు వేశారు. తనిఖీ అధికారి ప్రమీలారాణి ఫైలు తెరిచి కూర్చుంది. నలభై ఏళ్లుంటాయి. కాటన్ చీర, మగవాళ్ల వాచీ. ఆవిడ ముందు స్తెఫను నిలబడి ఉన్నాడు. అతని ముందు కొత్త కాగితం. అవే నాలుగు వాక్యాలు, ఈసారి టైపు చేసి.

కిటికీ పక్క కుర్చీలో రామకోటేశ్వరరావు పొద్దున్న ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు.

ఆలస్యానికి క్షమించమని, సంతకానికి ముందు తన మాట వినమని కృష్ణప్రియ అడిగింది. ప్రమీలారాణి వాచీ చూసుకుని తలూపింది. కృష్ణప్రియ ప్రింటరు కాగితం బల్ల మీద పరిచింది. ఆరు నంబర్లు, వెయ్యి పర్యాయాలు, ముప్పై ఒకటి, ఐదువందల ఎనభై ఏడు. ఐదు నిమిషాల్లో చెప్పేసింది. అధికారి ఓపిగ్గానే విన్నది.

"కంప్యూటరు లెక్క కోర్టులో నిలబడదమ్మా."

"తెలుసండి. అందుకే ఇది తెచ్చా" అని బసవయ్య ఇచ్చిన ప్రింటు విప్పింది. ఎండిన పసుపు గాజుబల్ల మీద రాలింది. దాని పక్కన గులాబీరంగు చీటీ పెట్టింది.

ఎవరూ చెప్పకుండానే వెనకనుంచి ఒకతను బల్ల కింద లైటు వేశాడు. అలవాటు. వెలుతురు చీటీలోంచి పైకొచ్చి రెండు చేతిరాతలూ స్పష్టంగా కనిపించాయి.

స్తెఫను చీటీ వైపు చూశాడు. తన అక్షరాలు చూసి ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. తర్వాత కింది అక్షరాలు చూశాడు. పన్నెండేళ్లలో ఆ ఏటవాలు రాతని చదివినంతగా అతను ఇంకే రాతనీ చదవలేదు.

"పైది నాదేనండి. కిందిదెవరిదో నాకు తెలీదు" అన్నాడు.

అబద్ధమని గదిలో అందరికీ తెలుసు. వరప్రసాదరావుని అడిగింది అధికారి. అతను ఏ మెకానిక్కో, ఏ గుమాస్తానో రాసుండొచ్చన్నాడు. మిగతావాళ్లు బల్ల కేసి చూశారు. ఒక్కరు కూడా కిటికీ వైపు చూడలేదు. చూడకపోవడంలోనే తెలిసిపోతోంది.

"అమ్మాయిగారూ" అన్నాడు స్తెఫను, గొంతు తగ్గించి. "వద్దమ్మా. నేను పెట్టేస్తా సంతకం. నాకిక్కడ అన్నం పెట్టిన చెయ్యది."

"మీ చెయ్యి మీకు అన్నం పెట్టింది స్తెఫనుగారూ. మీరు ఆ సంతకం పెట్టరు."

కృష్ణప్రియ చీటీ తీసుకుని కిటికీ దగ్గరికి నడిచింది. తండ్రి ముందున్న చిన్నబల్ల మీద పెట్టింది. ఆయనే నోరు విప్పుతాడని ఎదురుచూసింది. మార్చిలో ఓనరుకి ఫోన్ చేసి ప్రింటు వెనక్కి అడిగింది నేనే అంటాడని, ఓనరు కాదంటే మళ్లీ అడగలేకపోయానంటాడని, ఆ మాటతో అన్నీ తేలికపడతాయని ఆశపడింది. పొద్దున్న నాలుగుదాకా ఆగుదామన్నాడు కదా. ఎవరో ఒకరు వచ్చి తనని ఆపాలని అనుకుని ఉంటాడు.

రామకోటేశ్వరరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. చీటీ చదివాడు. పెదవులు కదిలాయి. మాట రాలేదు. చూపు మెల్లగా చీటీ మీంచి లేచి, కిటికీ బయటికి వెళ్లిపోయింది.

ఆ సున్నా ఇంకా ఆయన గడిలోనే ఉన్నట్టు ఆఫీసంతా బల్ల కేసే చూస్తూ నిలబడింది. దాన్ని చెరపడానికి ఆమె తప్ప ఇంకెవరూ లేరు.

కృష్ణప్రియ బల్ల దగ్గరికి తిరిగొచ్చింది. టైపు చేసిన కాగితాన్ని స్తెఫను ముందునుంచి తీసి రెండుగా చింపింది.

"కింద రాసింది ఒకటో నంబరు మనిషండి."

"నాకు నంబర్లొద్దు. పేరు చెప్పమ్మా" అంది ప్రమీలారాణి, పెన్ను మూత తీస్తూ.

కృష్ణప్రియ కిటికీ వైపే చూస్తూ చెప్పింది.

"రామకోటేశ్వరరావు. మా నాన్న."